పేగుల్లో పుట్టే కబురు... మనసుకు మందవుతుందా?

మన పొట్టలో కోటానుకోట్ల బ్యాక్టీరియా కాపురం ఉంటోంది. తిన్నది అరగడానికి సాయం చేయడమే వాటి పని అనుకున్నాం ఇన్నాళ్లూ. మెదడు వాడుకునే రసాయనాలను అవి కూడా తయారుచేస్తున్నాయట! మన దిగులుకీ ధైర్యానికీ వాటితో లంకె ఉందంటున్నారు శాస్త్రవేత్తలు. అందులో తేలిన నిజమెంత? ఆశ ఎంత? వ్యాపారం ఎంత?

పరీక్ష హాల్లోకి అడుగుపెట్టబోతుంటే కడుపులో తిప్పేస్తుంది. ఇంటర్వ్యూ ఉందంటే పొద్దుట్నుంచీ నాలుగుసార్లు బాత్రూముకి పరుగు. పక్కింటాయన కొత్త కారు కొంటే కొందరికి కడుపుమంట. బిడ్డ కష్టపడుతుంటే తల్లికి కడుపు తరుక్కుపోతుంది. జోకు బాగా పేలితే కడుపుబ్బ నవ్వుతాం. మేలు చేసినవాళ్లని 'నీ కడుపు చల్లగుండ' అని దీవిస్తాం.

భయం, అసూయ, దుఃఖం, ఆనందం... అన్నీ మనసుకు సంబంధించినవే. అయినా మన పెద్దలు వాటికి కడుపు చిరునామా ఇచ్చేశారు. వాళ్లకు సైన్సు తెలీదు, తెలిసిందల్లా అనుభవమే. ఆ అనుభవం వెనకున్న సంగతులు ఇప్పుడిప్పుడే ఒక్కొక్కటిగా బయటపడుతున్నాయి.

పొట్టకీ మెదడుకీ మధ్య రాత్రింబవళ్లూ పనిచేసే ఫోన్ లైన్ ఒకటుంది. కబుర్లు అటూ ఇటూ నడుస్తూనే ఉంటాయి. ఈ విషయం డాక్టర్లకు చాలాకాలంగా తెలుసు. కొత్తగా తెలిసిందేమిటంటే... ఆ లైన్లో మూడో గొంతు కూడా వినిపిస్తోంది. అది మన పేగుల్లో అద్దెకుంటున్న బ్యాక్టీరియాది!

మనలో సగం... మనం కాదు!

ఒంట్లో మన కణాల కన్నా బ్యాక్టీరియా పది రెట్లు ఎక్కువని చాలా ఏళ్లపాటు పుస్తకాల్లో రాసుకున్నారు. 2016లో ఇజ్రాయెల్, కెనడా శాస్త్రవేత్తలు కూర్చుని మళ్లీ లెక్కకట్టారు. 70 కిలోల బరువున్న మనిషిలో సొంత కణాలు దాదాపు 30 లక్షల కోట్లు. బ్యాక్టీరియా దాదాపు 38 లక్షల కోట్లు. అంటే ఇంచుమించు సరిసమానం. అన్నిటినీ పోగేసి తూకం వేస్తే 200 గ్రాములు!

వీటిలో అత్యధిక భాగం ఉండేది పెద్దపేగులో. మనం అరిగించుకోలేని పీచు అక్కడికి చేరేసరికి ఈ జనాభాకు విందు మొదలవుతుంది. అవి ఆ పీచును పులియబెట్టి కొన్ని ఆమ్లాలు తయారుచేస్తాయి. వాటిలో బ్యూటిరేట్ అనేది పెద్దపేగు గోడలోని కణాలకు ప్రధాన ఆహారం. అద్దెకొచ్చినవాళ్లు ఇంటి గోడలకు మరమ్మతు చేసిపెట్టినట్టన్నమాట. కొన్ని విటమిన్లనూ ఇవి తయారుచేస్తాయి. హానిచేసే క్రిములకు చోటు దొరక్కుండా అడ్డుపడతాయి.

ఇద్దరు మనుషుల్లో ఈ జనాభా ఒకేలా ఉండదు. పుట్టిన తీరు, తాగిన పాలు, పెరిగిన ఊరు, తింటున్న తిండి, వాడిన యాంటీబయాటిక్స్... ఇవన్నీ కలిసి ఎవరి పొట్టలో ఎవరుండాలో నిర్ణయిస్తాయి.

తుపాకీ తెరిచిన కిటికీ

మనసు బాగోకపోతే పొట్ట చెడుతుందన్న సంగతి కళ్లారా చూసిన తొలి డాక్టర్లలో ఒకాయన విలియం బ్యూమాంట్. 1822 జూన్ 6న అమెరికాలోని మాకినాక్ దీవిలో, బొచ్చుతోళ్లు అమ్మే దుకాణంలో తుపాకీ పొరపాటున పేలింది. అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడి పొట్టకు తగిలింది. బతకడనుకున్నవాడు బతికాడు. కానీ గాయం పూర్తిగా పూడలేదు. జీర్ణాశయంలోకి ఓ కిటికీలా రంధ్రం మిగిలిపోయింది!

ఆ రంధ్రంలోంచి ఆహారాన్ని దారానికి కట్టి లోపలికి దించుతూ, పైకి లాగి చూస్తూ బ్యూమాంట్ ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. 1833లో వాటిని పుస్తకంగా తెచ్చాడు. మనిషికి కోపమొచ్చినప్పుడు, చిరాకుపడినప్పుడు జీర్ణక్రియ దెబ్బతింటోందని అందులో రాశాడు. ఆ మనిషికి కోపం తెప్పించింది తరచూ డాక్టరుగారి ప్రయోగాలేనంటే ఆశ్చర్యం లేదు!

ఇది మెదడు నుంచి పొట్టకు వెళ్లే కబురు. మరి పొట్ట నుంచి మెదడుకు? 1910లో లండన్‌లోని బెత్లెం రాయల్ ఆసుపత్రి వైద్యుడు జార్జ్ పోర్టర్ ఫిలిప్స్ ఆ వైపు నుంచి నరుక్కొచ్చాడు. తీవ్రమైన విషాదంతో బాధపడుతున్న 18 మంది రోగులకు పాలను పెరుగు చేసే జాతి బ్యాక్టీరియాను ఇచ్చాడు. వారిలో 11 మంది పూర్తిగా కోలుకున్నారని రాశాడు. అయితే, ఆ బ్యాక్టీరియా ఇవ్వని రోగులను పక్కన పెట్టుకుని పోల్చి చూడలేదు. కాబట్టి వాళ్లు దానివల్లే కోలుకున్నారో, కాలమే మాన్పిందో చెప్పలేం. తర్వాత చాలా దశాబ్దాలు ఈ ఊసు ఎత్తినవాళ్లే తక్కువ.

పొట్టలో దొరికింది... మెదడులోనూ ఉంది!

సెరటోనిన్... ఈ పేరు ఇప్పుడు టీవీ ఆరోగ్య కార్యక్రమాల్లో కూడా వినిపిస్తోంది. మనసు, నిద్ర, ఆకలి వంటి వాటిలో పాలుపంచుకునే రసాయనం. కానీ అది మొదట దొరికింది మెదడులో కాదు! 1930ల్లో ఇటలీ శాస్త్రవేత్త విటోరియో ఎర్‌స్పామర్ పేగు లోపలి పొరలో ఓ కొత్త పదార్థాన్ని పట్టుకుని దానికి 'ఎంటరమిన్' అని పేరుపెట్టాడు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ పరిశోధకులు రక్తంలోంచి ఒక పదార్థాన్ని వేరుచేసి 'సెరటోనిన్' అన్నారు. 1952కల్లా రెండూ ఒకటేనని తేలింది. ఆ మరుసటి ఏడు బెట్టీ ట్వారోగ్ అనే యువ పరిశోధకురాలు అదే పదార్థం మెదడులోనూ ఉందని చూపించింది.

ఇప్పటి లెక్క ప్రకారం ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది. అక్కడ దాని ప్రధానమైన పని పేగులను కదిలించడం, తిన్నదాన్ని ముందుకు నెట్టడం. కుంగుబాటుకు వాడే మందుల్లో కొన్ని మొదలుపెట్టిన తొలిరోజుల్లో వికారం, విరేచనాలు ఎందుకొస్తాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. మందు మెదడుకోసం వేసుకున్నా, దారిలో పేగుల్లోని సెరటోనిన్‌నూ పలకరిస్తుంది మరి! చాలామందిలో ఈ ఇబ్బంది కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ఆ సంగతి తెలియక 'నాకీ మందు పడలేదు' అంటూ వారానికే మానేసేవాళ్లున్నారు.

ఇందులో బ్యాక్టీరియా పాత్ర ఏమిటి? 2015లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు దీన్ని తేల్చారు. ఒక్క సూక్ష్మజీవి కూడా లేకుండా ప్రత్యేకంగా పెంచిన చిట్టెలుకల్లో, పేగుల్లో తయారయ్యే సెరటోనిన్ మామూలు చిట్టెలుకల కన్నా దాదాపు 60 శాతం తక్కువగా ఉంది. కొన్ని రకాల బ్యాక్టీరియాను వాటి పొట్టలోకి పంపగానే మళ్లీ పెరిగింది. ఆ బ్యాక్టీరియా కొన్ని పదార్థాలను విడుదల చేసి, పేగు గోడలోని కణాలను 'సెరటోనిన్ తయారుచేయండి' అని పురమాయిస్తోందన్నమాట.

పురమాయించడమే కాదు, స్వయంగా వండేవీ ఉన్నాయి. ప్రయోగశాలలో పెంచినప్పుడు... లాక్టోబాసిలస్, బిఫిడోబ్యాక్టీరియం జాతుల్లో కొన్ని 'గాబా' అనే రసాయనాన్ని తయారుచేస్తాయి. మెదడు జోరుకు బ్రేకు వేసేది ఇదే. కొన్ని రకాల బాసిలస్ డోపమైన్‌ను, ఎశ్చరీషియా జాతిలో కొన్ని నార్‌ఎపినెఫ్రిన్‌ను తయారుచేయగలవు. నాడీకణాల మధ్య కబుర్లు మోసే రసాయనాలు ఇవన్నీ.

బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఓ సంగతి మరీ విచిత్రం. పేగుల్లోని ఓ బ్యాక్టీరియాను ఎంత ప్రయత్నించినా విడిగా పెంచలేకపోయారు. ఏ మేత వేసినా ముట్టదు. పక్కన బ్యాక్టీరాయిడ్స్ అనే మరో రకాన్ని పెడితే మాత్రం హాయిగా పెరుగుతుంది. ఆరాతీస్తే, ఆ పక్కింటి బ్యాక్టీరియా వదిలే గాబాయే దీనికి తిండి అని తేలింది. 2019లో ప్రచురించిన ఈ పరిశోధన పేగుల్లో గాబాను తయారుచేసేవే కాకుండా దాన్ని తినేసేవి కూడా ఉన్నాయని చెప్పింది.

గేటు దగ్గర కాపలా

ఇంతవరకూ చదివాక ఎవరికైనా ఒకటే అనిపిస్తుంది. 'అయితే ఇంకేం! మంచి బ్యాక్టీరియాను మింగితే సెరటోనిన్ పెరుగుతుంది, దిగులు పోతుంది' అని. మాత్రలమ్మే ప్రకటనలు చెప్పేది కూడా దాదాపు ఇదే. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మెదడుకూ రక్తానికీ మధ్య కట్టుదిట్టమైన కాపలా ఉంటుంది. రక్తంలో తిరిగే ప్రతి పదార్థాన్నీ మెదడులోకి రానివ్వదు. పేగుల్లో తయారైన సెరటోనిన్ ఆ గేటు దాటలేదు. గాబా కూడా చాలావరకు దాటదు. మెదడుకు కావాల్సిన సెరటోనిన్‌ను మెదడే చేసుకోవాలి. పైగా, 'సెరటోనిన్ తగ్గితే దిగులు, పెరిగితే సంతోషం' అన్న సూత్రమే మరీ సాదాసీదాది. కుంగుబాటు అంత తేలిగ్గా ఒక్క రసాయనానికి కుదించగలిగే జబ్బు కాదు.

మరి పేగుల కబురు మెదడుకు చేరేదెలా? శాస్త్రవేత్తలు ముఖ్యంగా నాలుగు దారులు చెబుతున్నారు.

మొదటిది వేగస్ నాడి. మెదడు అడుగు నుంచి మెడ, గుండె మీదుగా పొట్ట దాకా సాగే పొడవాటి నాడి ఇది. ఇందులోని పోగుల్లో దాదాపు 80 శాతం కిందినుంచి పైకి సమాచారం మోసేవే. మెదడు పొట్టకు చెప్పేదానికన్నా పొట్ట మెదడుకు చెప్పేదే ఎక్కువ!

రెండోది ట్రిప్టోఫాన్. పప్పులు, పాలు, గుడ్లు, గింజల్లో ఉండే అమైనో ఆమ్లం. మెదడు సెరటోనిన్ తయారుచేసుకునేది దీంతోనే. ఇది గేటు దాటగలదు. పేగుల్లోని బ్యాక్టీరియా దీన్ని ఎంత వాడుకుంది, ఎంత వదిలింది అన్నదాన్నిబట్టి మెదడుకు అందే ముడిసరుకు మారొచ్చు.

మూడోది రోగనిరోధక వ్యవస్థ. మన రక్షణ కణాల్లో అత్యధికం పేగుల చుట్టూనే పహరా కాస్తుంటాయి. లోపలి బ్యాక్టీరియా తీరు మారితే అవి రెచ్చిపోయి వాపు కలిగించే రసాయనాలను రక్తంలోకి వదలొచ్చు. వాటి ప్రభావం మెదడు మీద ఎలా ఉంటుందో అందరికీ అనుభవమే. జ్వరమొచ్చినప్పుడు ఏదీ తినాలనిపించదు, ఎవరితోనూ మాట్లాడాలనిపించదు, దుప్పటి కప్పుకుని ఓ మూల పడుకోవాలనిపిస్తుంది. అది చాలావరకు ఈ రసాయనాల పనే. కుంగుబాటు ఉన్నవారిలో కొందరికి ఇలాంటి వాపు సూచనలు రక్తంలో ఎక్కువగా కనిపిస్తున్నాయి.

నాలుగోది, పీచు పులిస్తే పుట్టే ఆమ్లాలు. ఇవి పేగు గోడను గట్టిగా ఉంచుతాయి, రక్షణ కణాలను అదుపులో పెడతాయి.

ఎలుకలు ఏం చెప్పాయంటే...

ఈ రంగానికి ఊపు తెచ్చింది 2004లో జపాన్‌లోని క్యుషు విశ్వవిద్యాలయంలో నొబుయుకి సుడో బృందం చేసిన ప్రయోగం. బ్యాక్టీరియా అన్నదే లేకుండా పెంచిన చిట్టెలుకలను కదలకుండా కాసేపు బంధించారు. మామూలు వాటికన్నా వీటిలో ఒత్తిడి హార్మోన్లు బాగా ఎక్కువగా విడుదలయ్యాయి. పేగుల్లోకి బ్యాక్టీరియాను పంపితే ఆ తేడా తగ్గింది. అయితే చిన్న వయసులో పంపితేనే! పెద్దయ్యాక పంపితే పరిస్థితి చక్కబడలేదు.

2011లో ఐర్లాండ్‌లోని కార్క్, కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. చిట్టెలుకలకు లాక్టోబాసిలస్ రామ్నోసస్‌లో ఓ రకాన్ని తినిపించారు. అవి భయపడటం తగ్గింది. నీళ్లలో వదిలితే త్వరగా చేతులెత్తేయకుండా ఈదాయి. ఒత్తిడి హార్మోన్ తగ్గింది. మెదడులో గాబా సంకేతాలను అందుకునే ఏర్పాట్లూ మారాయి. తర్వాత కొన్నిటికి వేగస్ నాడిని కత్తిరించి చూశారు. అంతే! అదే బ్యాక్టీరియా తినిపించినా ఆ ధైర్యం కనిపించలేదు. కబురు వెళ్లే తీగ ఏదో అలా తెలిసింది.

2016లో చైనా, ఐర్లాండ్ పరిశోధకులు వేర్వేరుగా ఇంకా ఆశ్చర్యకరమైన పని చేశారు. కుంగుబాటు ఉన్న మనుషుల మలంలోని బ్యాక్టీరియాను ఎలుకల పొట్టలోకి ఎక్కించారు. ఆరోగ్యవంతుల బ్యాక్టీరియా ఎక్కించిన ఎలుకలు మామూలుగానే ఉన్నాయి. రోగుల బ్యాక్టీరియా ఎక్కించినవి మాత్రం కుంగుబాటును తలపించే లక్షణాలు చూపించాయి.

'మనసును బాగుచేసే బ్యాక్టీరియా' అనే ఆశకు అప్పటికే ఒక పేరు కూడా వచ్చేసింది... సైకోబయోటిక్స్!

మనిషి దగ్గరికి వచ్చేసరికి

ఎలుకలకు అంత ధైర్యమిచ్చిన ఆ లాక్టోబాసిలస్‌నే మనుషులకిస్తే? కార్క్ పరిశోధకులే ఆ పనీ చేశారు. 29 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు కొన్ని వారాలు ఆ బ్యాక్టీరియాను, కొన్ని వారాలు ఉత్తుత్తి మాత్రను ఇచ్చి చూశారు. ఒత్తిడిలో, ఆందోళనలో, జ్ఞాపకశక్తిలో... ఎందులోనూ తేడా లేదు! 2017లో ఆ ఫలితాన్ని వాళ్లే నిజాయతీగా ప్రచురించారు.

ఎందుకలా? ప్రయోగశాల ఎలుకలన్నీ దాదాపు ఒకే వంశానివి. ఒకే బోను, ఒకే మేత. మనిషి అలా కాదు. ఉద్యోగం, అప్పులు, బంధుత్వాలు, నిద్ర, తిండి... వీటన్నిటి మధ్య ఒక్క బ్యాక్టీరియా గొంతు వినపడటం కష్టం. పైగా ఆ 29 మందీ ఆరోగ్యవంతులే. లేని దిగులును తగ్గించడం ఎవరి తరం?

రోగుల సంగతి చూస్తే... 2019లో బెల్జియంలో 1,054 మంది పేగుల్లోని బ్యాక్టీరియాను పరిశీలించారు. కుంగుబాటు ఉన్నవారిలో కోప్రోకాకస్, డయలిస్టర్ అనే రెండు రకాలు తక్కువగా ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో మరో వెయ్యిమందికి పైగా ప్రజల వివరాలతో పోల్చినా అదే కనిపించింది. ఇంతమంది మీద, రెండు దేశాల్లో సరిపోలడం చిన్న విషయం కాదు. కానీ విత్తు ముందా, చెట్టు ముందా? ఆ బ్యాక్టీరియా తగ్గడం వల్ల దిగులు వచ్చిందా? దిగులుతో తిండి సరిగ్గా తినక బ్యాక్టీరియా తగ్గిందా? ఆ అధ్యయనం ఆ చిక్కుముడి విప్పలేదు.

2017లో ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా బృందం తిండి వైపు నుంచి వెళ్లింది. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన కుంగుబాటు ఉన్న 67 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు కూరగాయలు, పండ్లు, పప్పులు, ముడిధాన్యాలు, చేపలు, ఆలివ్ నూనెతో కూడిన భోజనం ఎలా తినాలో నేర్పారు. రెండో జట్టుతో అన్నే సార్లు కూర్చుని కబుర్లు చెప్పారు. 12 వారాలకు మొదటి జట్టులో 32 శాతం మంది, రెండో జట్టులో 8 శాతం మంది కుంగుబాటు నుంచి బయటపడ్డారు. మంచి ఫలితమే. అయితే పాల్గొన్నవాళ్లు కొద్దిమంది. తాము ఏ జట్టులో ఉన్నదీ వాళ్లకు తెలుసు. పైగా చాలామంది అప్పటికే చికిత్స తీసుకుంటున్నారు, ఈ భోజనం దానికి తోడైందంతే. ఆ మేలు బ్యాక్టీరియా ద్వారానే జరిగిందని కూడా ఇది నిరూపించలేదు.

2023లో లండన్ పరిశోధకులు మందులు వాడుతున్నా పూర్తిగా కోలుకోని దాదాపు 50 మందిలో సగంమందికి మందులతోపాటు బ్యాక్టీరియా మాత్రలు ఇచ్చారు. 8 వారాలకు ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవారికన్నా వీరిలో దిగులు, ఆందోళన మరికాస్త తగ్గాయి. ఇది ప్రాథమిక ప్రయోగమే. ఇంకా పెద్దవి జరగాలి.

మొత్తమ్మీద పేగుల బ్యాక్టీరియాకూ మనసుకూ లంకె ఉంది. దాన్ని మందుగా మార్చే విద్య మాత్రం ఇంకా చేతికి రాలేదు.

మందును మింగేసే బ్యాక్టీరియా!

ఇది మెదడుకు సంబంధించిన మరో జబ్బు సంగతి. పార్కిన్‌సన్స్... అదే వణుకుడు జబ్బు ఉన్నవారికి ప్రధానమైన మందు లీవోడోపా. మెదడులోకి వెళ్లాక అది డోపమైన్‌గా మారుతుంది. ఒకే మోతాదు ఒకరికి బాగా పనిచేస్తుంది, మరొకరికి అంతంతమాత్రం. ఒక కారణం పేగుల్లో దొరికింది. అక్కడుండే ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా, మందు మెదడుకు చేరకముందే దాన్ని డోపమైన్‌గా మార్చేస్తోందని 2019లో అమెరికా పరిశోధకులు వెల్లడించారు. పేగులో తయారైన డోపమైన్ గేటు దాటలేదు కదా! మందు అలా దారిలోనే వృథా అవుతోందన్నమాట. రేపటి రోజున మందు రాసేముందు డాక్టర్లు 'మీ పొట్టలో ఎవరెవరున్నారు?' అని అడిగినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

మన వంటింట్లో ఏముంది?

బ్యాక్టీరియా కోసం ఖరీదైన సీసాలు కొననక్కర్లేదు. తోడుపెట్టిన పెరుగు, చిలికిన మజ్జిగ, చద్దన్నం, తరవాణి... బతికున్న బ్యాక్టీరియాను మన పెద్దలు రోజూ కంచంలో పెట్టారు. అయితే కొన్ని అపోహలు వదులుకోవాలి. ఇడ్లీ పిండిని పులియబెట్టేది బ్యాక్టీరియానే. కానీ ఆవిరి మీద ఉడికేసరికి అందులోనివి చనిపోతాయి. మజ్జిగ పులుసూ అంతే. పులవడం వల్ల వచ్చే సుళువు అరుగుదల, రుచి ఉంటాయి గానీ బతికున్న బ్యాక్టీరియా దొరకదు. పెరుగులోనివి కూడా చాలావరకు పేగుల్లో స్థిరపడవు. నాలుగు రోజులుండి వెళ్లే చుట్టాలు! అందుకే ఓ రోజు గిన్నెడు తినడం కన్నా రోజూ కాస్త తినడం మేలు.

పేగుల్లో ఇప్పటికే ఉన్నవాటికి మేత వేయడం ఇంకా ముఖ్యం. ఆ మేత పీచు. జొన్నరొట్టె, రాగిసంకటి, కొర్రలు, కందిపప్పు, శనగలు, అలసందలు, గోంగూర, తోటకూర, బెండకాయ, అరటిదూట, జామకాయ... ఎన్ని రకాలు తింటే అన్ని రకాల బ్యాక్టీరియాకు తిండి దొరుకుతుంది. వండి చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం చిన్నపేగులో అరక్కుండా పెద్దపేగు దాకా వెళ్లి వాటికి ఆహారమవుతుంది. చద్దన్నానికి ఇదో అదనపు మార్కు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు అర కిలో తినాలి. కంచం నిండా తెల్లన్నం, ఓ మూల చెంచాడు కూర వేసుకునేవాళ్లు ఆ లెక్కను తలకిందులు చేసుకోవాలన్నమాట. పీచును ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం వస్తుంది. వారం వారం కొద్దికొద్దిగా పెంచి, నీళ్లు బాగా తాగాలి.

జలుబు చేసిందని మందుల షాపుకెళ్లి యాంటీబయాటిక్ కొనుక్కునే అలవాటు మానాలి. జలుబు వైరస్ మీద అది పనిచేయదు. పేగుల్లోని మంచివాటిని మాత్రం ఊచకోత కోస్తుంది. డాక్టరు రాస్తే మాత్రం చెప్పినన్ని రోజులూ వాడాల్సిందే.

ఈ పొరపాట్లు వద్దు

కుంగుబాటుకు మందులు వాడుతున్నవాళ్లు 'పెరుగు తింటే సరిపోతుందట' అనో, 'ప్రోబయోటిక్ మాత్ర ఉందట' అనో వాటిని ఆపేయకూడదు. హఠాత్తుగా ఆపితే తలతిరుగుడు, నిద్రలేమి, చిరాకు రావడమే కాదు, జబ్బు తిరగబెట్టే ప్రమాదమూ ఉంది. మార్పు ఏదైనా డాక్టరుకు చెప్పాకే.

మలపరీక్ష చేసి 'మీ మనసు బాగోకపోవడానికి ఫలానా బ్యాక్టీరియా తక్కువ కావడమే కారణం' అని చెప్పగలిగే పరీక్ష ఇప్పటివరకూ లేదు. అలా చెప్పి వేలకు వేలు అడిగితే అనుమానించాల్సిందే. ప్రోబయోటిక్ మాత్రల్లోనూ ఒక్కో రకం బ్యాక్టీరియా ప్రభావం ఒక్కోలా ఉంటుంది. ఒకదాని మీద జరిగిన పరిశోధన మరోదానికి వర్తించదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు డాక్టరును అడక్కుండా వీటి జోలికి వెళ్లకూడదు.

ఇంట్లోవాళ్లు గమనించాల్సిన సంగతి మరొకటుంది. మనవాళ్లలో చాలామంది 'దిగులుగా ఉంది' అని చెప్పరు. 'కడుపులో బాగోలేదు', 'ఆకలెయ్యడం లేదు', 'గ్యాస్ పట్టేసింది' అంటారు. స్కానింగులూ ఎండోస్కోపీలూ అయ్యాక 'ఏమీ లేదు' అని తేలుతుంది. అంతమాత్రాన ఆ మనిషి నటిస్తున్నట్టు కాదు. పొట్ట బాధ నిజమే, దాని వెనక మనసు బాధ ఉండొచ్చు. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి, ఆసక్తి తగ్గి, మనిషి ముభావంగా మారితే మానసిక వైద్యుడికి చూపించాలి. 'పిచ్చి డాక్టరు దగ్గరికా?' అని వెనకాడటం వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, కుంగుబాటు, ఆందోళన వంటి సమస్యలున్న ప్రతి వందమందిలో 85 మందికి చికిత్స అందడం లేదని తేలింది.

బయటికి వెళ్లడానికి మొహమాటపడేవాళ్లకు ప్రభుత్వ 'టెలి మానస్' సేవ ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది. 14416 నంబరుకు రాత్రీపగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయని ఎవరైనా అంటే 'రేపు చూద్దాం' అని వాయిదా వేయకూడదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పేగుల నుంచి మెదడుకు కబురు వెళ్తోందని తేలింది. అందులోని భాష ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. అర్థమయ్యేలోగా మన చేతిలో ఉన్న పనులు రెండు. ఇంట్లో అందరి కంచాల్లో కూర, పప్పు, పెరుగు కాస్త పెంచడం ఒకటి. దిగులుగా కూర్చున్న మనిషి పక్కన కాసేపు కూర్చుని, అవసరమైతే డాక్టరు దగ్గరికి తోడెళ్లడం రెండోది. మొదటిదాని మీద పరిశోధనలు ఇంకా జరగాలి. రెండోదానికి ఏ పరిశోధనా అక్కర్లేదు.